రెండు నువ్వు గింజల బరువు

రోజంతా గిర్రున తిరిగే ఫ్యాను రెక్క తన మీది దుమ్మును మాత్రం దులుపుకోలేదు. రెక్కను ఆనుకున్న గాలి దానికి అంటుకుని దానితోపాటే తిరుగుతుంది మరి. ఉపరితలం దగ్గర, దానితో పోలిస్తే గాలి వేగం ఇలా మందగించే పలచని పొరను 1904లో లుడ్విగ్ ప్రాంట్ల్ లెక్కల్లోకి తెచ్చాడు. దాని పేరు సరిహద్దు పొర. ఉపరితలాన్ని గాలి ఈడ్చేది ఆ పొర ద్వారానే.

ఆ ఈడ్పును నేరుగా కొలవడమే సతీష్ ధావన్ డాక్టరేట్ పని. ఔను, శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పెట్టింది ఆయన పేరే. లాహోర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి, ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, 1945లో మెకానికల్ ఇంజనీరయ్యారు. (నేటి కౌన్సెలింగ్‌లో ఇలాంటి వారికి ఏ సీటిస్తారో!) తరువాత మిన్నెసోటా, అక్కణ్ణుంచి కాల్‌టెక్. హాన్స్ లీప్‌మన్ దగ్గర 1951లో డాక్టరేట్. అక్కడే లీప్‌మన్, అనటోల్ రోష్కోలతో కలిసి, ధ్వనిని మించిన ప్రవాహంలో పుట్టే ఆఘాత తరంగాలు సరిహద్దు పొరకు తగిలితే ఏమవుతుందో కూడా పరిశీలించారు.

ఈడ్పు ఎంతుంటుంది? నునుపైన పలక మీద సెకనుకు 30 మీటర్ల గాలి వీస్తోందనుకుందాం. ముందు అంచుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఒక చదరపు సెంటీమీటరు మీద పడే ఈడ్పు సుమారు 6 మిల్లీగ్రాముల బరువంత. రెండు నువ్వు గింజలు!

అందుకే చాలామంది గాలి వేగాలు కొలిచి, వాటి నుంచి ఈడ్పును లెక్కగట్టేవారు. ధ్వని వేగం దాటాక గాలి సాంద్రత, ఉష్ణోగ్రత కూడా మారిపోతాయి, ఆ లెక్కలో ఊహలు పెరుగుతాయి. ధావన్ పలకలో చిన్న ముక్కను విడదీసి, కదిలే వీలుతో అమర్చారు. గాలి ఈడిస్తే అది వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ జరుగుడే కొలత. ఈ ఉపాయం ఆయనకు ముందే ఉంది, ఇంత సున్నిత స్థాయికి తేవడమే కష్టం. ముక్క చుట్టూ సందు ఎక్కువైతే గాలి దూరుతుంది. అంచు కాస్త పైకి లేచినా గాలి దాన్ని ఎదురుగా తోస్తుంది, కొలత చెడుతుంది.

మొదట తక్కువ వేగంలో పరీక్షించారు. ప్రాంట్ల్ శిష్యుడు బ్లాసియస్ 1908లో ఇచ్చిన సూత్రంతో కొలత సరిపోయింది. అప్పుడుగానీ ధ్వనిని దాటిన గాలికి ఆ ముక్కను అప్పగించలేదు.