మార్చిన తుంటికీలులో మరల వచ్చు నొప్పి



తుంటికీలు మార్పించుకొన్నవారు మన మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో నేడు అరుదు కారు. చికిత్సకు ముందు ఏమి చేయవలెనో చెప్పువారు పెక్కుమంది కలరు. చికిత్సయైన మొదటి నెలలో ఎట్లు మెలగవలెనో ఆసుపత్రివారే చెప్పి పంపుదురు. కాని అంతయు చక్కబడినదని చేతికర్ర మూలబెట్టిన పిమ్మట, ఆరవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో నొప్పి మరల తల చూపినచో దాని నేమనుకొనవలెను? ఎవరితో చెప్పవలెను? ఈ సంగతి విప్పి చెప్పువారు తక్కువ. నాకును, మా వీధిలోని ఒక రైతుకును ఇట్లే సంభవించినది గావున, దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు పూనుకొంటిని. నేను వైద్యుడను గాను. శబ్దమంజరితో చదువు మొదలుపెట్టి, బడిపిల్లలకు సంధులు, సమాసములు చెప్పుచు ముప్పదియైదేండ్లు గడపినవాడను. ఇందు నేను చెప్పునది వైద్యులవలన విన్నదియు, దేహముతో తెలిసికొన్నదియు మాత్రమే.

నా కుడి తుంటికీలు అరిగి అరిగి ఇంటి గడప దాటుటయే కొండ యెక్కుట యయ్యెను. అంతట మార్కాపురము రోడ్డు స్టేషనులో రైలెక్కి గుంటూరు పోయి కీలు మార్పించుకొంటిని. మూడవ నెలకు కర్ర విడిచితిని. ఐదవ నెలలో చెన్నకేశవస్వామి గుడికి నడచిపోయి ప్రదక్షిణము చేసితిని. ఎనిమిదవ నెలలో ఒకనాటి వేకువను మంచము దిగి నాలుగడుగులు వేయగనే పిరుదునుండి తొడ వెంబడి మోకాలి క్రిందివరకు ఒక పోటు జారెను.

ఆ మాట ఇంటిలో చెప్పనైతిని. చికిత్సకై నా కుమారుడు చేసిన అప్పు అప్పటికి తీరలేదు. మూలనున్న కర్ర చేతికి తీసికొన్నచో అందరికిని తెలియునని, గోడ పట్టుకొని నడచుచుంటిని. ఆరు వారములు ఇట్లు గడచినవి. ఆ రైతు మాత్రము కనిపెట్టెను. "ఏందయ్యోరా, కాలు బాగైందంటిరే, మళ్లా గోడ పట్టుకుంటుండారే!" అని అడిగెను. ఆయనకును నాకంటె రెండు నెలలు ముందుగా ఎడమ తుంటి మార్చియుండిరి. మాటలలో తెలిసినదేమనగా, ఆయనకును గజ్జలో నొప్పి ఆరంభమైనది. ఇరువురమును అరుగుమీద కూర్చుండి, లోపల నున్నది లోహము గదా, వానకాలమున లాగునులే యని ఒకరినొకరము ఓదార్చుకొంటిమి. ఆ ఓదార్పు మాట మొదట అన్నవాడను నేనే. చదువుకొన్నవాడు చెప్పెను గదా యని ఆయన నమ్మెను.

ముందు ఈ కీలు ఎట్టిదో కొంచెము చెప్పవలెను. తొడయెముక పైకొనను గుండ్రని తల యొకటి యుండును. అది కటియెముకలోని గిన్నెవంటి గుంటలో తిరుగును. ఈ తల యరిగినప్పుడో, రక్తప్రసారము నిలిచి చచ్చినప్పుడో, దానిని కోసివేసి, తొడయెముక లోపలి గొట్టములోనికి లోహపు కాడ నొకదానిని దింపి, దాని కొనను లోహముతోనో పింగాణివంటి పదార్థముతోనో చేసిన గుండును నిలుపుదురు. గుంటలో క్రొత్త గిన్నెను బిగించి, దానికి పాలిథీన్ అను గట్టి ప్లాస్టిక్కు పొరను అమర్చుదురు. కొందరికి కాడను సిమెంటువంటి పదార్థముతో అతుకుదురు. కొందరికి గరుకుగా చేసిన లోహముపై ఎముకయే పెరిగి పట్టుకొనవలెను. అట్లు పట్టుటకు నెలలు పట్టును.

ఈ విద్యకు త్రోవ చూపినవారిలో ఇంగ్లండు దేశమున రైటింగ్టన్ ఆసుపత్రిలో పనిచేసిన జాన్ చార్న్‌లీ ముఖ్యుడు. ఆయన మొదట టెఫ్లాన్ అను నున్నని పదార్థముతో గిన్నెలు చేసి ఎంతోమందికి అమర్చెను. మొదట అందరును హాయిగా నడచిరి. కొన్ని యేండ్లకే నొప్పులతో తిరిగి వచ్చిరి. విప్పి చూడగా గిన్నె యరిగి, ఆ రజను చుట్టునున్న మాంసమును చెరచుచుండెను. ఆయన దానిని కప్పిపుచ్చలేదు. ఆ టెఫ్లాన్ రజనును తన తొడలోనే ఎక్కించుకొని పరీక్షించుకొనెను. 1962లో పాలిథీన్‌కు మారెను. నేటి కీళ్లకు మూలమదియే. తిరిగి వచ్చి నొప్పి యున్నదని చెప్పిన ఆ రోగులు లేకున్నచో నాకును ఈ కీలు లేదు. ఈ కథ నాకు ముందే తెలిసియుండినచో గోడ పట్టుకొని దాగియుండకపోదును.

ఇంట వారికి తెలిసిపోయిన పిదప మరల గుంటూరు పోయితిని. అక్కడి వైద్యుడు చిన్నవాడు. "అయ్యవారూ, నొప్పి యెక్కడనో ఒక్క వ్రేలితో చూపుడు" అనెను. నేను అరచేయి మొత్తము తుంటిపై నుంచితిని. ఆయన నవ్వి, ఎక్కడ, ఎప్పుడు, దేనివలన, దేనిచేత తగ్గును, ఎందాక పాకును అని ఒక్కొక్కటియే అడుగుచు పోయెను. నాకు విభక్తులు జ్ఞప్తికి వచ్చినవి. నామ మొక్కటియే యైనను విభక్తి మారినచో వాక్యములో దాని పని మారును. నొప్పియు నట్టిదే యని ఆనాడు బోధపడెను.

నొప్పి తొడ నడుమ నుండి, కూర్చున్నచోటినుండి లేచిన మొదటి నాలుగడుగులలో హెచ్చుగా నుండి, నడచిన కొలది సర్దుకొనుచున్నచో, వైద్యులు కాడను అనుమానింతురు. అది ఎముకలో ఇంకను కుదురుకొనుచుండవచ్చును, లేక వదులైయుండవచ్చును. ఈ రెంటిని వేరుచేయుటకు క్రొత్త ఎక్స్‌రే ఒక్కటియే చాలదు, పాతదానితో సరిపోల్చవలెను. కనుకనే పాత ఎక్స్‌రేలను బియ్యపు డబ్బాపై మూతగా వాడుకొనక భద్రపరుపవలెను. (మా ఇంట ఒకటి అట్లే పోయినది.) గజ్జలో నొప్పి కలిగి, మెట్టెక్కుటకో కారులో కూర్చుండుటకో కాలెత్తినప్పుడే పొడుచుచున్నచో, ముందువైపునున్న నరము, అనగా కండరపు త్రాడు, గిన్నె యంచునకు ఒరయుచుండవచ్చును. తుంటి ప్రక్కన, ఆ వైపు పరుండినప్పుడు మాత్రము నొచ్చునది చాలవరకు బలహీనపడిన కండరముల బాధ. దానికి కత్తి యక్కరలేదు, సాధన కావలెను.

వీటికన్న భయపడదగినది వేరొకటి కలదు. కదిలినను కదలకున్నను, పగలును రాత్రియు విడువక నొచ్చుచు, నిద్రనుండి లేపు నొప్పి కీలులో చీముచేరుటకు గుర్తు కావచ్చును. జ్వరము వచ్చి తీరవలెనని లేదు. పాత గాయము చెమర్చుటయు గుర్తే. నూటికి ఒకరిద్దరికే ఇట్లగును గాని, అయినవారికి కాలమే ప్రాణము. మొదటి రెండుమూడు వారములలో పోయినచో కీలును కడిగి, పైనున్న గుండును ప్లాస్టిక్కు పొరను మాత్రము మార్చి, లోహమును నిలుపుకొన వీలగుట కలదు. ఆ గడువు దాటినచో సూక్ష్మజీవులు లోహముపై ఒక జిగటపొర నల్లుకొని కూర్చుండును. మందులు దానిలోనికి చొరవు.

ఇక క్షణమైనను ఆగరానివి కొన్ని. జారిపడినను పడకున్నను ఒక్కసారిగా పట్టరాని నొప్పి వచ్చి, కాలు పొట్టియై, పాదము లోనికో వెలుపలికో తిరిగిపోయినచో, కీలు తప్పినదో ఎముక విరిగినదో యగును. అప్పుడు ఎంత నేర్పరియైన కట్టువైద్యుడైనను కాలిని లాగరాదు, 108 బండిని పిలువవలెను. పిక్క వాచి బిగిసినను, దానితో ఆయాసము వచ్చినను, రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవుచుండవచ్చును. అది ఆనాటికానాడే చూపించుకొనవలసినది.

నా నొప్పి వీటిలో ఏదియు గాదు. ఎక్స్‌రేలో కాడయు గిన్నెయు చెక్కుచెదరలేదు. రక్తములో సి.ఆర్.పి. అను పరీక్షచేసిరి. ఒంటిలో వాపున్నదో లేదో అది తెలుపును. చికిత్సయైన కొన్ని వారములకే అది మామూలునకు రావలెను. నాకు మామూలుగనే యుండెను. అప్పుడు వైద్యుడు సూదితో కీలులోనికి మొద్దుబారు మందు నెక్కించెను. కీలు మొద్దుబారినను పోటు తగ్గలేదు. అనగా నొప్పి కీలులో పుట్టుట లేదు. వెన్నును పరీక్షింపగా అక్కడ చిక్కెను దొంగ. వెన్నుపూసల నడుమ నరములు పోవు మార్గము ఇరుకై, నరము నొక్కుకొనుచుండెను. పిరుదులో మొదలై మోకాలు దాటిపోవుటయు, పాదములో తిమ్మిరియు దాని గుర్తులే. తుంటి చెడినన్నాళ్లు దాని బాధ పెద్దదగుటచే వెన్నుబాధ వినబడలేదు. అది తీరి నడక హెచ్చగనే ఇది గొంతెత్తెను.

ఇచ్చట మన ప్రాంతపు సంగతి యొకటి చెప్పక తప్పదు. నేను పుట్టి పెరిగినది కనిగిరి వైపు పల్లె. ఆ నీటి గుణము మీరెరిగినదే. మన దేశమున ఫ్లోరైడు నీటివలన ఎముకలు చెడు రోగమును వైద్యపత్రికలలో మొట్టమొదట వివరముగా వ్రాసినది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లాను గూర్చియే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోనివి. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడినప్పుడు కర్నూలునుండి మార్కాపురము, గిద్దలూరులతోపాటు ఇందు కలిసినవి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లిగ్రాములకు మించిన ఫ్లోరైడు ఏండ్లతరబడి లోనికి పోయినచో, ఎముకలు దళసరియై ఎక్స్‌రేలో సున్నము కొట్టినట్లు తెల్లగా కనబడును. చూచుటకు గట్టివి, కాని పెళుసు. వెన్నులోని కట్టునరములు గట్టిపడి నరములకు త్రోవ ఇరుకు చేయును. నా వెన్ను బొమ్మ అట్లే యుండెను. కాబట్టి మనవారు తుంటి నొప్పియని పోయినప్పుడు, ఏ బావి నీరు త్రాగి పెరిగితిరో వైద్యునకు తామై చెప్పుట మేలు. దూరపు వైద్యునకు అది తోచకపోవచ్చును.

ఇప్పుడు ఆ రైతు సంగతి. నేను ఆసుపత్రినుండి వచ్చి, నాది వెన్ను బాధ యని చెప్పగా, తనదియు నట్టిదేయని ఆయన సంతోషించెను. నేను వైద్యుని ప్రశ్నలను ఆయనకు వేసితిని. గజ్జలో, రాత్రియు ఉండును, కూర్చున్నను ఉండును. నాకు చేతులు చల్లబడెను. అంతకు రెండు నెలల ముందు ఆయనకు మడమలో తుమ్మముల్లు దిగి చీముపట్టెను. చక్కెర వ్యాధిగలవాడు, పట్టించుకొనలేదు. ఆ చీములోని జీవులు రక్తము వెంబడి పోయి క్రొత్త కీలున చేరినవి. నడుమ ఊరిలో ఒకరు పది దినములు యాంటీబయాటిక్ గుళికలిచ్చిరట. అవి నొప్పిని కొంత అణచినవేగాని రోగమును చంపలేదు. పైగా కీలులోని నీటిని సూదితో తీసి ఏ జీవియో కనుగొనవలసి యుండగా, గుళికలు మ్రింగినవారి నీటిలో జీవి పట్టుబడకపోవచ్చును. కనుక మందు నిలిపి రెండు వారములు వేచియుండవలసి వచ్చెను. ఆ రెండు వారములు ఆయన కేకలు మా ఇంటికి వినబడుచుండెను. తుదకు ఆయన కీలు మొత్తమును తీసివేసి, మందు కలిపిన సిమెంటు ముద్దను తాత్కాలికముగా నుంచి, వారములకొలది మందులిచ్చి, పిదప రెండవమారు కోసి క్రొత్తకీలు పెట్టిరి. నేను అరుగుమీద వానకాలపు లాగుడని చెప్పినది, ఆయన నొప్పి మొదలైన మొదటి వారముననే. ఆ లెక్క నేను ఆయనతో చెప్పలేదు. ఆయన అడుగనులేదు.

నొప్పి కారణము తేలకముందు మాలీషులు చేయించుట, పసరుకట్లు కట్టుట, వాతలు పెట్టించుట వద్దు. ముఖ్యముగా వాత. చర్మము కాలి పుండైన చోటు చీమునకు వాకిలి. నొప్పిబిళ్లలను అంగడిలో కొని నెలలకొలది మ్రింగువారి మూత్రపిండములు చెడును. రక్తపుపోటు, చక్కెర గలవారికి మరింత శీఘ్రముగా చెడును. మరియొకటి: కీలు మార్చిననాడు ఆసుపత్రివారు దాని పేరును సంఖ్యయు గల చీటీ ఇత్తురు. ఇవ్వకున్నచో అడిగి తీసికొనుడు. 2010 ఆగస్టులో డీప్యూ సంస్థ తన ఏ.ఎస్.ఆర్. అను కీళ్లను ప్రపంచమంతట వెనుకకు తీసికొనెను. వాటిలో గిన్నెయు గుండును రెండును లోహములే యగుటచే, ఒరసికొని లోహపు రజను దేహములో చేరుచుండెను. మన దేశమునను వేలకొలది అమర్చిరి. 2017లో కేంద్రప్రభుత్వము నిపుణుల సంఘమును వేసి విచారింపబూనగా, పెక్కుమంది జాడయే దొరకలేదు. చీటీ లేనివాడు తన లోపల నున్న దేదో చెప్పజాలడు గదా.

పెద్ద పరిశీలనలనుబట్టి కీలు మార్పించుకొన్న ప్రతి పదిమందిలో ఒకరికి ఏదో కొంత నొప్పి చిరకాలము నిలుచునట. నాకును నూటికి నూరుపాళ్లు పోలేదు. దినమునకు ఒకేసారి మైలు నడచుటకు బదులు నాలుగుమారులు కొంచెము కొంచెముగా నడచుచున్నాను. వెన్నునకు, తుంటికి చెప్పిన సాధనలు ఉదయము చేయుదును. రాత్రి కాళ్లనడుమ దిండుంచుకొని పరుందును. బాసిపట్టు వేయుట మానితిని. కుర్చీపై కూర్చుండి సంధ్యవార్చుటకు మొదట సిగ్గుపడితిని, ఇప్పుడు లేదు. మా ఇంటివారిని దాచి బాధపడిన ఆరు వారములకు నా భార్య నన్నింకను క్షమింపలేదు. అది న్యాయమే.

చక్కనిపని యొకటి మిగిలినది. పాత హాజరుపట్టీ యొకదానిలో గీతలు గీసి, దినము, చోటు, వేళ, ఏమి చేయగా వచ్చినది, ఏమి చేయగా తగ్గినది అని రెండుపేళ్లు వ్రాయుచున్నాను. ఒకటి నాది, ఒకటి రైతుది. ఆయన సాయంకాలము అరుగునకు వచ్చి చెప్పును, నేను వ్రాయుదును. మూడు నెలలకొకమారు వైద్యునకు అదే చూపుదుము. మొన్న మంగళవారము ఆయన పేరుకెదుట, "గజ్జలో లేదు. రాత్రి నిద్రపోయెను" అని యున్నది.