బండమీది కాపురము

శంషాబాదు ప్రాంతమున ఏ త్రోవను పోయినను బండలగుట్ట యొకటి కంటబడును. సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివైన ఈ గ్రానైటు శిలలపై బూడిదవన్నెయు, పసుపువన్నెయు గల మచ్చలు కానవచ్చును. వానిని రాతి రంగని తలచి మనము దాటిపోవుదుము. అవి ప్రాణముగల లైకెనులు. మన యిండ్లలో మసాలాకు వాడు రాతిపువ్వు సైతము ఆ జాతిదే.

లైకెను ఒంటరి జీవి కాదు, ఇరువురి కాపురము. అందొకటి బూజు, పుట్టగొడుగుల వంశమునకు చెందిన శిలీంధ్రము. రెండవది మిక్కిలి సూక్ష్మమైన నాచు, కొన్నింట నీలహరిత సూక్ష్మజీవి. శిలీంధ్రమునకు పత్రహరితము లేదు గనుక తన యాహారమును తాను చేసికొనజాలదు. నాచు సూర్యరశ్మి సాయమున చక్కెర పదార్థములను సిద్ధపరచి, అందు భాగమిచ్చును. శిలీంధ్రము తన దారములతో గూడల్లి, నాచును తీవ్రమైన యెండనుండి కాపాడి, తేమను నిలుపును. వేసవిలో రెండును ఎండి నిద్రించును. వాన తడిసిన కొద్ది నిమిషములకే మేల్కొనును.

ఈ మర్మమును 1867లో స్విట్జర్లాండు దేశీయుడగు సైమన్ ష్వెండెనర్ వెల్లడించెను. శిలీంధ్రము యజమానియనియు, నాచు బానిసయనియు ఆయన పోల్చెను. పండితులు పలువురు దానిని నమ్మరైరి. అయినను ఆ యజమానిని నాచునుండి విడదీసి పెంచినచో లైకెను రూపము రాదు. ఆకారములేని ముద్దయై యుండును. నాచులలో కొన్ని విడిగానే బ్రదుకగలవు. ఎవరిపై ఎవరు ఆధారపడియున్నారో చదువరులే యోచింతురు గాక. 2016లో శాస్త్రజ్ఞులు అనేక లైకెనుల పైపొరలో ఈస్టు అను మరియొక నివాసిని గూడ కనుగొనిరి.

లైకెనుకు వేళ్లు లేవు. గాలియు వానయు తెచ్చినదెల్ల గ్రహించును. గంధకపు పొగ సోకిన చోట పెక్కు జాతులు నశించును. 1866లోనే విలియం నైలాండర్ పారిస్ నగరమున వీనిని పరిశీలించి, లైకెనులు గాలి శుభ్రతకు కొలమానములని తెలిపెను.

2008లో విమానాశ్రయము వెలసిన పిదప మన ప్రాంతమున త్రోవలును మేడలును పెరిగినవి, బండలు పగులుచున్నవి. బండనంటి పెరుగు లైకెనులలో అనేకములు ఏడాదికి ఒక మిల్లీమీటరైనను విస్తరింపవు. అరచేయంత మచ్చ యేర్పడుటకు దశాబ్దములు పట్టును. మందు పెట్టి పేల్చుటకు క్షణము చాలును.

కావున విద్యార్థులారా, భూతద్దముతో ఒక మచ్చను చూడుడు, గీకకుడు. పలుచని కాగితముపై దాని యంచును గీసి, తేదీ వేసి భద్రపరచుడు. వచ్చు సంవత్సరము మరల పోల్చుడు. తల్లిదండ్రులు తమ స్థలమున నొక బండనైనను పగులగొట్టక విడువవలెనని మేము కోరుచున్నాము. పిల్లలకు ఆ కొలమానమైనను మిగులును.