పలకల ఊళ్లో సియాటిల్ మోత

నిర్వాణా బ్యాండ్ 'నెవర్‌మైండ్' ఆల్బమ్ అమెరికాలో 1991 సెప్టెంబరు 24న వచ్చింది. 1992 జనవరికల్లా మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని బిల్‌బోర్డ్ మొదటి స్థానం నుంచి దించేసింది. మా ఊరు మార్కాపురం చేరడానికి మాత్రం దానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఈలోగా, 1994 ఏప్రిల్లో, పాడిన కర్ట్ కోబేన్ ఇరవై ఏడేళ్లకే ప్రాణం తీసుకున్నాడు.

మా చేతికొచ్చింది అసలు క్యాసెట్ కాదు. మద్రాసులో చదువుకునే ఒకన్న సెలవులకొస్తూ తెచ్చిన కాపీ. దాని మీద ఒక్క పాట పేరు కూడా రాసిలేదు. టేపురికార్డర్లో పెట్టామో లేదో జేజి వంటింట్లోంచి కేకేసింది: "ఏందిరా అబ్బాయా, టేపు నలిగిందా?"

జేజినేం అనలేం. ఘంటసాల, సుశీల, బాలు అలవాటు చేసిన చెవులు మావి. పాడేవాడు శ్రుతి తప్పకూడదు, మాట నలగకూడదు. ఇక్కడేమో గిటారు గరగరలాడుతోంది, గాయకుడు సగం మాటలు మింగేసి మిగతా సగం అరుస్తున్నాడు. ఆ మాటలు అమెరికా వాళ్లకే సరిగ్గా అర్థం కాలేదని తెలిశాక మాకు కాస్త ధైర్యం వచ్చింది.

అయినా ఆ మోత మాకు కొత్త కాదు. పీర్ల పండుగ రాత్రి అగ్నిగుండం పక్కన నిలబడ్డవాడికి డప్పు సంగతి చెప్పక్కర్లేదు. సన్నగా మొదలై, ఉన్నట్టుండి గుండెల మీద పడుతుంది. కోబేన్ పాటల కట్టుబడీ అదే: చరణం గొణుగుడు, పల్లవి పిడుగు. ఆ పద్ధతి పిక్సీస్ బ్యాండ్ దగ్గర ఎత్తుకొచ్చిందేనని తనే ఒప్పుకున్నాడు. తేడా ఒక్కటి. మనవాళ్లు డప్పును మంట మీద కాచి చర్మం బిగిస్తారు. సౌండ్‌గార్డెన్ లాంటి బ్యాండ్లు గిటారులో లావుపాటి తీగను కావాలనే వదులు చేసి శబ్దాన్ని బరువెక్కించేవి.

ఈ గరగర రాక్ సంగీతానికి పేరు గ్రంజ్. గ్రంజ్ అనగానే సియాటిల్ అంటారు గానీ, కోబేన్ పెరిగింది అక్కడికి నైరుతి దిక్కున ఉన్న ఆబర్డీన్‌లో. అడవిలో కలప కొట్టి, మిల్లుల్లో కోసి బతికిన చిన్న ఊరది. మిల్లులు మూతపడుతుంటే అతని తరం ఎదిగింది. మార్కాపురం వాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పాలా? గనిలోంచి తీసిన రాయిని పొరలు పొరలుగా చీల్చి, కోసి, నునుపు పట్టి, చెక్క చట్రం బిగించి బడి పిల్లల చేతికిచ్చిన ఊరు మాది. నోటుపుస్తకాలొచ్చి పలకను బడిలోంచి తరిమేశాయి. మిగిలిన రాయి గోడలకీ నేలకీ అతికే బిళ్లలై విదేశాలకు పోయింది. ఆబర్డీన్‌లో వాన వదలదు, మా దగ్గర వాన జాడ ఉండదు. చదువైపోగానే ఊరు వదిలిపోవాలన్న ఆత్రం మాత్రం రెండుచోట్లా ఒకటే. పైగా మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లావి, ఆ తర్వాత ఒంగోలు జిల్లాలో కలిశాయి. ఒంగోలుకి మేం సీమవాళ్లం, సీమకేమో కోస్తావాళ్లం.

వేషం మాత్రం మాకు అచ్చిరాలేదు. కలప కొట్టేవాళ్ల మందపాటి గళ్ల చొక్కా అక్కడ ఫ్యాషనైంది. మే నెలలో కంభం బస్టాండులో అది వేసుకుని నిలబడితే ఆస్పత్రికే!

మన సినిమావాళ్లూ ఆ గరగర గిటారును తెచ్చుకున్నారు, హీరో జీపు దిగడానికి. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. గ్రంజ్‌లో హీరో ఉండడు. తనమీద తనకే అసహ్యం పుట్టినవాడు, ఊళ్లో పనిలేనివాడు పాడుకునే పాట అది. అలాంటివాళ్లు మా వైపు ఎప్పుడూ తక్కువ లేరు. వాళ్లలో ఎవరైనా డప్పు, గిటారు పక్కపక్కన పెట్టి, మా యాసలో, శ్రుతి తప్పినా సరే ఒక ఆల్బమ్ చేస్తే మొదటి కాపీ నేనే కొంటా. క్యాసెట్ మీద వేస్తే రెండు.