క్రిమి చస్తే చాలునా?

మా బామ్మ అటకమీద వేపగింజల నూనె సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. పిల్లలకు గజ్జి లేచినా, తలలో పుండ్లు పడినా ఆ సీసా దిగవలసిందే. ఆ వాసనకు మేము పెరట్లోకి పరుగు తీసేవాళ్లం. "చేదుకు క్రిమి చస్తుందిరా" అనేది బామ్మ. ఆ మాట ఎంతవరకు నిజమో ఇప్పుడు ప్రయోగశాలలలో తేలుస్తున్నారు.

అవసరం అటువంటిది మరి. పెన్సిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ క్రిములకోసం 1959లో మెథిసిలిన్ అనే మందు వచ్చింది. దానికీ లొంగని క్రిములు పుట్టుకొచ్చాయని 1961లోనే ఇంగ్లండులో ప్రకటించారు. అందుకే శాస్త్రజ్ఞులు గింజల నూనెలవైపు కూడా చూస్తున్నారు. నల్లజీలకర్ర నూనెలోని థైమోక్వినోన్ ఈ జాతి క్రిములను ఆపగలదని పరీక్షలలో తేలింది.

పరీక్ష ఎలా చేస్తారంటారా? క్రిములు పెరిగే రసాన్ని వరుసగా గొట్టాలలో పోస్తారు. మొదటిదానిలో కొంత నూనె, రెండవదానిలో అందులో సగం, మూడవదానిలో మళ్లీ సగం. క్రిములను వదిలి, ఒంటి వేడిలో ఒక రాత్రి ఉంచుతారు. ఎంత తక్కువ నూనెకు వాటి పెరుగుదల ఆగిందో చూస్తారు. నూనె నీటిలో కలవదు గనుక కలపడానికి మరో పదార్థం వేస్తారు. క్రిమిని ఆపింది ఆ పదార్థమేమో! అందుకని నూనె లేకుండా అదొక్కటే వేసిన గొట్టాన్ని కూడా పక్కన పెడతారు.

అయితే క్రిమిని చంపడం గొప్ప కాదు; నిప్పులో వేసినా చస్తుంది. మన కణాలు బతకాలి గదా! అందుచేత మనిషి కణాలను విడిగా పెంచి, వాటిమీదా అదే నూనె వేస్తారు. తరువాత పసుపుపచ్చని రసాయనం ఒకటి కలుపుతారు. బతికివున్న కణాలు దానిని ఊదారంగుకు మారుస్తాయి. 1983లో వెలువడిన పద్ధతి ఇది. మోతాదు మించితే ఆ థైమోక్వినోనే మన కణాలకూ చేటు. క్రిమిని ఆపే మోతాదుకూ కణాన్ని చెరిచే మోతాదుకూ మధ్య ఎంత ఎడం ఉంటే అంత మేలన్నమాట.

ఆ ఎడం తెలియక చిన్న జబ్బులకని వేపనూనె తాగించిన పసిపిల్లలకు వాంతులు, మగత, మూర్ఛలు వచ్చాయని 1981లో మలేషియా వైద్యులు వెల్లడించారు. కొందరి ప్రాణాలే పోయాయి.

గొట్టంలో నెగ్గిన నూనె ఒంట్లోనూ నెగ్గుతుందన్న హామీ లేదు. డాక్టరు రాసిన మందుకు అది బదులూ కాదు. మా బామ్మకు ఈ పరీక్షలేవీ తెలియవు. అయినా ఆ నూనెను ఏనాడూ మా గొంతులో పోయలేదు. పుండుమీద రాసి, చేయి కడుక్కుని, సీసాను మళ్లీ మాకందని అటకమీదికే ఎక్కించేది.