ఆరుద్ర పురుగూ, కంటికి ఆనని దాని చుట్టమూ



తొలకరి వానలకు నేల మీద ఎర్రటి మఖమల్ ముక్కలా పాకే ఆరుద్ర పురుగును మీ పిల్లలకు చూపించారా? మనలో చాలామంది చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో దాచుకున్నదే! కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి. అంటే అది కీటకం కాదు, సాలీళ్ల వర్గానికి చెందిన నల్లి. చెదపురుగులను, కీటకాల గుడ్లను తింటుంది. మనల్ని కుట్టదు.

గుడ్డులోంచి వచ్చిన దీని పిల్లకు మాత్రం ఆరు కాళ్లే. అది మిడతల్లాంటి కీటకాలను అంటిపెట్టుకుని, వాటి ఒంట్లోని ద్రవం పీల్చి పెరుగుతుంది. చిన్నతనంలో పరాన్నజీవి, పెద్దయ్యాక వేటగాడు.

ఇలాగే బతికే మరో రకం నల్లుల పిల్లలే చిగ్గర్లు. ఇవి ఎలుకలను, ఒక్కోసారి మనుషులను పట్టుకుంటాయి. జీవితంలో సాధారణంగా ఒక్కసారే కుడతాయి. మరి స్క్రబ్ టైఫస్ ఎలా అంటిస్తాయి? ఆ బ్యాక్టీరియా కొన్నింటికి తల్లి నుంచి గుడ్డులోనే వచ్చేస్తుంది.

పొదల్లో, ఎత్తైన గడ్డిలో ఆడి వచ్చిన పిల్లలకు స్నానం చేయించి బట్టలు మార్చండి. తర్వాతి రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే చంకలు, గజ్జలు, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూడండి. సాధారణంగా నొప్పి ఉండదు కాబట్టి పిల్లలు చెప్పరు. అది అందరిలోనూ కనిపించదు కూడా. అందుకే పెచ్చు లేకపోయినా, పిల్లలు ఎక్కడ ఆడారో డాక్టరుకు చెప్పండి. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ వంటి మామూలు మందులతోనే తగ్గుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులకు, మెదడుకు ముప్పు.