అందానికి లప్పం, ఆయుష్షుకు అతుకు

కోనసీమ గాలి కొబ్బరిచెట్టుకు ఎంత మేలో, కారు రేకుకు అంత చేటు. సముద్రపు ఉప్పు, కాలవగట్ల తేమ, నెలల తరబడి వానలు - ఈ మూడూ కలిస్తే తుప్పుకు పండుగే. ఆ పండుగైనా మన కళ్ళెదుట జరగదు. చక్రాల పైగూళ్ళలోను, తలుపుల అడుగు అంచుల్లోను, కాళ్ళకింద పరిచిన రబ్బరు చాపల చాటునా సాగుతుంది. పైన రంగు పొక్కులా పొంగి మనకు కబురందేసరికి లోపల రేకు జల్లెడయి వుంటుంది.

మా బావగారు రెండేళ్ళ క్రిందట 1978 నాటి అంబాసిడరు ఒకటి కొన్నారు. పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ మన పెద్దలు తిరిగిన బండి గదా అని ఆయనకు మమకారం. కలకత్తా దగ్గర ఉత్తరపారలో 1950ల చివర మొదలైన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. కొత్తది కొందామన్నా దొరకదు. వున్నవాటినే బ్రతికించుకోవాలి.

కొన్నప్పుడు బండి పెళ్ళికొడుకులా మెరిసిపోతున్నది. ఒక్క వానాకాలం వెళ్ళేసరికి తలుపుకింది గడప దగ్గర లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. చూస్తే వేలు దూరేటంత కన్నం! అమ్మినవారు తుప్పు మీదనే లప్పం మెత్తి రంగు వేయించారన్నమాట.

బండిని రాజమండ్రిలో ఓ టింకరింగు షెడ్డుకు తోలుకుపోయాం. ఆ పని పూర్తయ్యేదాకా నేను దగ్గర కూర్చుని చూశాను.

"మళ్ళీ కాస్త లప్పం పెట్టి సరిచేయరాదా, మేస్త్రీగారూ?" అన్నారు బావగారు.

"ఆయ్, పెట్టొచ్చండి. వచ్చే వానల్లో మళ్ళీ రావాలండి మీరు. ఇది లారీ కాదండి, కింద ఛాసిస్ మోస్తుందనుకోడానికి. దీనికి ఒళ్ళే ఎముకలండి!"

అతను చెప్పింది అక్షరాలా నిజం. అంబాసిడరుకు మూలమైన ఇంగ్లీషు కారు మారిస్ ఆక్స్‌ఫర్డ్. దానిలాగే దీనికీ విడిగా ఛాసిస్ లేదు. నేలరేకు, గడపలు, స్తంభాలు కలిసి బరువంతా మోస్తాయి. గడప పుచ్చిందంటే ఇంటికి దూలం పుచ్చినట్లే. అందులో కూర్చునేది పిల్లాపాపలతో మనమే గదా!

ముందుగా బ్యాటరీ తీగలు, సీట్లు, చాపలు, పెట్రోలు ట్యాంకు వూడదీశారు. నిప్పుతో పని మరి. తర్వాత కోత. కన్నం మేరకే కోస్తే చాలదు, గట్టిరేకు తగిలేదాకా కోయాలి. తుప్పుతిని పల్చబడిన అంచుకు మంట తగిలితే అతుక్కోదు సరిగదా, కరిగి కన్నం పెద్దదవుతుంది. అట్టముక్క మీద ఆకారం గీసి, సుమారు మిల్లీమీటరు మందం రేకు కత్తిరించి వంపు తీర్చాడు. దాన్ని చొక్కాకు మాసిక వేసినట్లు పైన కప్పలేదు. అంచుకు అంచు ఆనించాడు. ఒకదానిమీద ఒకటి వేస్తే నడుమ నీరు నిలిచి మళ్ళీ తుప్పుకు దారి.

ఈనాడు కార్బన్ డయాక్సైడు వెల్డింగు చేసే షెడ్లూ వున్నాయి. మా మేస్త్రీ గ్యాసుమంటనే నమ్ముకున్నవాడు. ఆక్సిజన్, అసిటిలీన్ కలిసి మండితే వేడి 3,000 డిగ్రీలు దాటుతుంది. ఉక్కు 1,500 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఒక్క బిగిని చివరికంటా అతికితే రేకు ఉబ్బి, చల్లారుతూ ముడుచుకుని కాల్చిన అప్పడంలా వంకర తిరుగుతుంది. అందుకని అంగుళానికొక టాకా, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. ఆపైన టాకాల నడుమ కొంచెం కొంచెంగా పూడిక. ప్రతి తడవా చల్లారనివ్వాలి. ముడుచుకున్న అతుకు వెనక డాలీ అనే ఇనుపదిమ్మ ఆనించి సుత్తితో మెల్లగా కొడితే మళ్ళీ సాగి సమమవుతుంది.

పూర్వం అతుకు నునుపు చేయడానికి సీసం, తగరం కలిపి వెచ్చచేసి, ముద్దగా వుండగా కొవ్వు రాసిన చెక్కతో పులిమి, ఆకురాయితో తీర్చేవారు. సీసపు పొడి ఒంటికి విషం. తరువాత ఆ చోటు పాలియెస్టర్ లప్పానికి దక్కింది. ఎంతసేపూ లప్పాన్ని తిట్టడం న్యాయం కాదు. గట్టి అతుకు మీద పల్చని పూతగా అది మంచిదే. కన్నానికి మూతగా మాత్రం పనికిరాదు. వాటర్ పేపరుతో రుద్దుతూ మేస్త్రీ మాటిమాటికీ కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమేవాడు. "కన్ను మోసపోద్దండి, అరచెయ్యి మోసపోదండి" అన్నాడు. గడప లోపలివైపు కూడా తుప్పు పట్టని రంగు, మైనం పట్టించాకే పైరంగు.

సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు తీరుతుంది. ఆపైన అయిదేళ్ళకొకసారి బండిని పరీక్షకు నిలబెట్టాలి. కనుక పాతబండి కొనదలచినవారు చిన్న అయస్కాంతాన్ని పల్చని గుడ్డలో చుట్టి గడపల వెంబడి ఆనించి చూడండి. లప్పం మందంగా వున్నచోట అది పట్టదు. ఇక బండి వున్నవారు వానలు వెలిశాక చాపలెత్తి, తలుపుల అడుగున నీరుపోయే కన్నాల్లో మట్టి తీయించండి. ఏటేటా ఆవకాయ జాడీలు ఎండబెట్టుకునే ఇళ్ళలో కారు చాపలు ఎండబెట్టడం ఏపాటి పని?