పల్లెకు పోయిన పట్నపు నాయిక

మొన్నీమధ్య మాదాపూర్‌లో నా పాత విద్యార్థిని ఒకామె కలిసింది. హైటెక్ సిటీలో పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతిలో యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'. "ఇది చదివాక నాకూ ఉద్యోగం మానేసి మా ఊళ్ళో కొత్తగా బతకాలనిపిస్తోంది సార్" అంది. "పోయి ఎవరింట్లో ఉంటావమ్మా?" అన్నాను. కాసేపు ఆగి, "ఇల్లూ పొలమూ అన్నయ్యవే సార్. నా పెళ్ళప్పుడు నాకేమీ వద్దని సంతకం పెట్టాను" అంది.

ఆ జవాబు ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. ఇటువంటి నవలల్ని మన విమర్శకులం చాలాకాలం 'పలాయనవాదం' అన్న ఒక్క మాటతో పక్కన పెట్టాం. నేనూ పెట్టాను. పాఠకురాళ్ళు వాటిలో ఏం వెతుక్కున్నారో ఆ మాట చెప్పదు. అందుకే ఈ ఇతివృత్తం ఎలా పనిచేస్తుందో విప్పి చూడాలి.

కథ మనకు తెలిసిందే. తల్లి కట్టడిలో పెరిగిన కలవారి పట్నపు పిల్ల పల్లెకు పోతుంది. అక్కడ తన ఇష్టాయిష్టాలు తనకే తెలిసివస్తాయి, బావ మీద మనసు పడుతుంది. 'మీనా' 1973లో విజయనిర్మల దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. 2016లో త్రివిక్రమ్ శ్రీనివాస్ తీసిన 'అ ఆ' విడుదలైనప్పుడు ఈ నవలతో దానికున్న పోలిక బాగా చర్చకు వచ్చింది. నలభై మూడేళ్ళ తర్వాత కూడా జనం ఆ కథనే ఆదరించారంటే అందులో ఒక నిజమైన ఆకలి ఉండి తీరాలి. ఆడపిల్ల తన నిర్ణయం తాను తీసుకోవాలన్న ఆకలి అది. దాన్ని గుర్తించడం యద్దనపూడి బలం.

ఇంగ్లీషు ప్రేమకథల్లో నగరపు స్త్రీ తనకెవరూ తెలియని పల్లెకు పోతుంది. అక్కడి నాయకుడు ఆమెకు పరాయివాడు. మన కథలో పల్లె అంటే చుట్టాల ఊరు, నాయకుడు బావ. అంటే పాత మేనరికమే కొత్త ప్రేమ వేషంలో వస్తుంది. ఇది రచయిత్రి లోపం అనుకోను. ఆ కాలంలో ఆడపిల్ల నేల మీద నిలబడడానికి పెళ్ళి తప్ప దారి ఎక్కడిది? కానీ 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణతో కూతుళ్ళ హక్కు దేశమంతటా వచ్చింది. చట్టం మారినా కథ మారలేదు. 2016లోనూ నాయిక పల్లెలో నిలవడానికి దారి బావే.

ఇక హాస్యం. ఈ కోవ కథల్లో నాయిక బురదలో జారుతుంది, పాలు పితకబోయి తన్నులు తింటుంది, మనం నవ్వుతాం. పని రాని చేతిని చూసి నవ్వడంలో తప్పులేదు. అయితే పని వచ్చిన చేతులెక్కడ? నాట్లు వేసేదీ కలుపు తీసేదీ ఆడకూలీలే. వాళ్ళు కథలో పచ్చని చేనుతోపాటు నేపథ్యంగా మిగిలిపోతారు. నాయికకు సరదా అయినది వాళ్ళకు బతుకుతెరువు.

మరో వైరుధ్యం నా విద్యార్థిని ఆఫీసు కిందే ఉంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కాకముందు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఊళ్ళే. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చింది. పల్లె కోసం కలగంటున్న ఆమె కూర్చున్నదీ ఒక పల్లె నేల మీదే. ఆ నేల ఎలా చేతులు మారిందో చెప్పే నవలకూ ఆమె కలకూ సంబంధం లేదనుకోవడం పొరపాటు.

మన రచయితలకు ఒక్క మనవి. ప్రేమనూ నవ్వునూ వదిలేయమనడం లేదు. పట్నం విసిగించిన స్త్రీ బస్సు దిగి, బావ ఇంటికి కాక అన్న దగ్గరకు పోయి, "నా వాటా మాటేమిటి?" అని అడిగే నవల రాయండి. అన్నాచెల్లెళ్ళు పాసుపుస్తకం ముందు కూర్చున్న ఆ ఘట్టంలో హాస్యానికి కొదవుండదు. ప్రేమ ఆ తర్వాత రావచ్చు. అప్పుడు నాయిక దాన్ని తన గడపలో నిలబడి ఆహ్వానిస్తుంది.